డాట్ భారత్ తెలుగు డొమైన్: ఉంచుకోవాలా, వదిలేయాలా?

అడిగిన ప్రశ్న, కుదించి: "గోదావరి వైపు పూతరేకులు, కాజాలు చేసి అమ్ముతాం. డాట్ ఇన్ పేరుతో పాటు తెలుగులో డాట్ భారత్ పేరు కూడా తీసుకున్నాం. ఏడాది కావొస్తోంది. వాట్సాప్‌లో పంపితే ఒకరికి లింకులా వస్తుంది, ఇంకొకరికి ఉత్త అక్షరాల్లా కనిపిస్తుంది. ఒక్కోసారి అడ్రస్ ఏవో పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలుగా మారిపోతుంది. ఆ పేరు మీద పెట్టుకున్న మెయిల్ ఐడీని ఏ ఫారమూ తీసుకోవట్లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఇలాంటి పేర్లు ఉంటాయనే వాళ్లకి తెలీదు. రెన్యువల్ దగ్గరపడింది. ఉంచాలా, వదిలేయాలా? కొత్త డబ్బాలు అచ్చుకి ఇస్తున్నాం, వాటి మీద ఏ పేరు వేయించాలి?"

ముందు జవాబు చెప్పేస్తాను. రెన్యువల్ కట్టండి, పేరు ఉంచుకోండి. కానీ దాన్ని రెండో పేరుగానే వాడండి. సైటు డాట్ ఇన్ మీదే నడవనివ్వండి, తెలుగు పేరు కొట్టినవాళ్లు అక్కడికే చేరేలా పెట్టండి. మెయిల్ మాత్రం తెలుగు పేరు మీద వద్దు. ఇప్పటికే పెట్టుకుని ఉంటే ఈ వారంలోనే మార్చుకోండి.

ఇందులో మీ తప్పు లేదు, మీ సర్వర్ తప్పూ లేదు. డొమైన్లు, హోస్టింగ్ పని చేసుకుని బతికేవాణ్ని కాబట్టి ఈ ఫిర్యాదు నాకు కొత్త కాదు. పేరు సరిగ్గానే పనిచేస్తోంది. దాన్ని గుర్తుపట్టాల్సిన యాప్‌లు, ఫారాలు, మెయిల్ సర్వర్లే సగం దారిలో ఆగిపోయాయి. పేరు ఇచ్చినవాళ్లు అవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయనుకుని చేతులు దులిపేసుకున్నారు. నా కోపమంతా అక్కడే.

ఇది నిన్న మొన్న మొదలైన వ్యవహారమూ కాదు. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్, దేశాల పేర్లను సొంత లిపుల్లో ఇవ్వడానికి 2009లో దారి తెరిచింది. 2010 మే నెలలో ఈజిప్టు, సౌదీ అరేబియా, యూఏఈలకు అరబిక్‌లో, రష్యాకు సిరిలిక్‌లో పేర్లు వచ్చాయి. మనకు 2011లో ఒకేసారి ఏడు లిపుల్లో వచ్చాయి: దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, గురుముఖి, తమిళం, తెలుగు, ఉర్దూ. ఏ దేశానికీ అప్పటికి అన్ని రాలేదు. గర్వపడాల్సిన మాటే. కానీ మన దేశపు పేర్ల రిజిస్ట్రీ నిక్సీ, దేవనాగరి డాట్ భారత్‌ను జనానికి అందించింది 2014 ఆగస్టు 27న. తెలుగు వంతు ఆ తర్వాత. రష్యా వాళ్లు 2010 నవంబర్‌లో అమ్మకం మొదలుపెడితే కొన్ని వారాల్లోనే లక్షల పేర్లు పోయాయి. మనవాళ్లు మూడేళ్ల పైన తాళం వేసి కూర్చున్నారు.

మామూలుగా కొత్త ఎక్స్‌టెన్షన్, అంటే పేరు చివర డాట్ ఇన్ లాంటి తోక వస్తే గొడవ ఇంకోలా ఉంటుంది. యూరప్ వాళ్ల డాట్ ఈయూ 2006 ఏప్రిల్‌లో అందరికీ తెరిచినప్పుడు, పేర్లు పట్టేసి తర్వాత ఎక్కువ ధరకి అమ్ముకుందామని కొందరు పేర్లు అమ్మే రిజిస్ట్రార్ కంపెనీలను ఉత్తుత్తిగా పెట్టి మరీ ఎగబడ్డారు. జులై వచ్చేసరికి అక్కడి రిజిస్ట్రీ 74 వేల పేర్లను నిలిపేసి, 400 రిజిస్ట్రార్ల మీద కేసు వేయాల్సి వచ్చింది. మన తెలుగు పేరు కోసం అలా ఎవరూ కొట్టుకోలేదు. చాలామందికి అది ఉందనే తెలీదు. 2021 జనవరిలో నిక్సీ, డాట్ ఇన్ కొంటే మీకు నచ్చిన భారతీయ భాషలో ఒక డాట్ భారత్ పేరు ఉచితం అని ప్రకటించాల్సి వచ్చిందంటే పరిస్థితి మీకే అర్థమవుతుంది.

ఇక మీ "పిచ్చి అక్షరాలు". వాటి సంగతి తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థ లోపల నడిచేది ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అడ్డగీతతోనే. తెలుగు నేరుగా అందులోకి వెళ్లదు. అందుకని మీరు కొట్టిన తెలుగు పేరును బ్రౌజర్ ఒక లెక్క ప్రకారం ఇంగ్లిష్ అక్షరాల వరుసగా మార్చి పంపుతుంది. దీన్ని ప్యూనీకోడ్ అంటారు. అలా మారిన ప్రతి ముక్కా 'ఎక్స్‌ఎన్, రెండు అడ్డగీతలు' అని మొదలవుతుంది. తెలుగు 'భారత్' లోపల 'ఎక్స్‌ఎన్, రెండు అడ్డగీతలు, ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ' అవుతుంది. మీకు కనబడ్డది అదే. వైరస్ కాదు, హ్యాకింగ్ కాదు, మీ పేరు లోపలి రూపం.

అది బయటికి ఎందుకు వస్తోందంటే కారణాలు రెండు మూడున్నాయి. క్రోమ్ 2016 వరకు మీ బ్రౌజర్ సెట్టింగుల్లో తెలుగు భాష పెట్టుకుని ఉంటేనే తెలుగు అక్షరాలు చూపేది, లేకపోతే లోపలి రూపమే చూపేది. 51వ వెర్షన్‌తో ఆ షరతు పోయింది. ఇప్పుడు అడ్రస్ బార్‌లో తెలుగు బాగానే కనిపిస్తుంది కానీ, అక్కణ్నుంచి అడ్రస్ కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే లోపలి రూపం బయటపడుతుంది. మీ కస్టమర్లు చేసేది సరిగ్గా ఇదే. పాత యాప్‌లు, చాలా మెయిల్ ప్రోగ్రాములు తెలుగులోకి తిప్పి చూపే పనే పెట్టుకోలేదు. ఇంకొకటి, మోసం భయం. 2017 ఏప్రిల్‌లో ఒకాయన యాపిల్ కంపెనీ పేరులా కనిపించే డొమైన్‌ను పూర్తిగా సిరిలిక్ అక్షరాలతో తీసుకుని చూపించాడు. కళ్లతో చూసి తేడా పట్టడం కుదరదు. ఇలాంటి వాటి వల్లే బ్రౌజర్లు సొంత లిపి పేర్లను అనుమానంగా చూస్తాయి. మన తెలుగు, కన్నడ అక్షరాల సంగతి మీకు తెలిసిందే: ర, ల, బ, జ దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే 2019లో పైస్థాయి పేర్ల (చివర వచ్చే డాట్ భారత్ లాంటివాటి) కోసం రాసిన తెలుగు నియమాల్లో ఇలాంటి జంటలన్నీ గుర్తించి పెట్టారు. మీకొచ్చిన భయం లేదు లెండి. డాట్ భారత్ ఏ లిపిలో ఉంటే ముందున్న పేరూ అదే లిపిలో ఉండాలి కాబట్టి, కన్నడ అక్షరాలతో మీ పేరును నకలు కొట్టి తెలుగు డాట్ భారత్‌లో తీసుకోవడం కుదరదు.

టైపింగ్ దగ్గరే చాలామంది కస్టమర్లు జారిపోతారు. మీరు రాయలేదు గానీ కచ్చితంగా జరుగుతూ ఉంటుంది. ఫోన్‌లో తెలుగు కీబోర్డు పదం సూచిస్తుంది, దాన్ని నొక్కగానే వెనక ఒక ఖాళీ పెడుతుంది. ఆ ఖాళీ తర్వాత చుక్క, తర్వాత భారత్. మధ్యలో ఖాళీ ఉంటే బ్రౌజర్ దాన్ని అడ్రస్ అనుకోదు, గూగుల్‌లో వెతుకుతుంది. అక్కడ మీ పోటీదారు ప్రకటన పైన కూర్చుని ఉంటుంది. రెండోది పొల్లు. తెలుగులో ఎక్స్‌టెన్షన్ 'భారత్', త మీద పొల్లు తప్పనిసరి. 'భారత' అని కొడితే అలాంటి ఎక్స్‌టెన్షనే లేదు, సైటు దొరకదు. కన్నడలో పొల్లు లేకుండా 'భారత' అనే ఇచ్చారు, మనకు పొల్లుతో ఇచ్చారు. నిర్ణయం తీసుకున్నవాళ్లు ఫోన్‌లో ఎవరితోనైనా టైప్ చేయించి చూశారో లేదో మరి.

వీటన్నిటికంటే మెలికైన సమస్య ఇంకొకటుంది, దాని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. ఎందుకంటే దీన్ని రిజిస్ట్రార్లు చెప్పరు. 'స్వీట్‌హౌస్' అనే మాట చూడండి. ట్ దగ్గర పొల్లు విడిగా కనబడి, తర్వాత హౌ వస్తుంది. ఇప్పుడు 'స్వీట్హౌస్' చూడండి. ట కింద హ ఒత్తయిపోయింది. మొదటిదాంట్లో పొల్లుకీ హ కీ మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం ఉంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. రెండు అక్షరాలు అతుక్కోకుండా ఆపడమే దాని పని. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్, రాజ్‌కుమార్ ఇవన్నీ మనం ఈ కనబడని అక్షరంతోనే రాస్తున్నాం. చాలా కీబోర్డులు సూచనల్లో దాన్ని వాటంతట అవే పెట్టేస్తాయి. టైప్ చేసినవాడికి అది ఉన్నట్టే తెలీదు.

పాత డొమైన్ ప్రమాణంలో బ్రౌజర్ ఈ అక్షరాన్ని నిశ్శబ్దంగా తీసేసేది. అంటే కస్టమర్ ఎలా కొట్టినా ఒకే చోటికి వెళ్లేది. 2010లో వచ్చిన కొత్త ప్రమాణం, పొల్లు తర్వాత వస్తే దాన్ని ఉంచాలంది. అప్పుడు కనబడని అక్షరం ఉన్న పేరు ఒకటి, లేని పేరు ఇంకొకటి. రెండు వేర్వేరు అడ్రస్‌లు. ఫైర్‌ఫాక్స్ ముందే మారింది, క్రోమ్ 2023లో 110వ వెర్షన్‌తో మారింది. మధ్యలో ఉన్న ఆ కొన్నేళ్లు ఒకే పేరు కొడితే రెండు బ్రౌజర్లు రెండు చోట్లకు వెళ్లేవి. జర్మన్ వాళ్లకీ ఒక అక్షరంతో ఇదే తంటా, గ్రీకు వాళ్లకీ ఒకదానితో ఇదే తంటా. ఫలితం ఏమిటంటే, ఆ అక్షరం లేకుండా పేరు నమోదు చేసుకున్న షాపుకి, అంతకుముందు వరకు క్రోమ్‌లో ఎలా కొట్టినా తెరుచుకున్న సైటు, అప్‌డేట్ తర్వాత కొందరికి తెరుచుకోకుండా పోతుంది. సర్వర్‌లో ఏ మార్పూ లేదు. రిజిస్ట్రార్‌ని అడిగితే "మా వైపు అంతా బాగుందండి" అంటాడు. అతను చెప్పేదీ నిజమే.

(ఈ కనబడని అక్షరం మహిమ ప్రపంచానికంతటికీ ఒకసారి తెలిసింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'లో ఇది ఇరుక్కున్న మెసేజ్ వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. యాపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఆ వారం తెలుగు గురించి మాట్లాడని టెక్ పత్రిక లేదు.)

కాబట్టి మీ పేరులో ఇలాంటి అతుకు ఉందేమో చూసుకోండి. పొల్లు మీద ఒక మాట ముగిసి, వెంటనే హల్లుతో ఇంకో మాట మొదలైతే ప్రమాదం అక్కడే. ఉంటే, ఈ పేరు వదిలి అతుకు లేని ఇంకో పేరు తీసుకోవడం మంచిది. 'కాజాలు', 'పూతరేకులు' లాంటి మన మాటలకు ఈ బాధ లేదు. అచ్చుతో ముగుస్తాయి, అతుక్కునే పనే లేదు. స్టోర్స్, స్వీట్స్, మార్ట్, హబ్ తగిలించినప్పుడే మొదలవుతుంది. అదీగాక అలాంటి మాటల స్పెల్లింగ్ తెలుగులో ఒక్కటి ఉండదు. సెంటర్ అని ఒకరు, సెంటరు అని ఇంకొకరు, బ్యాంక్ అని ఒకరు, బ్యాంకు అని ఇంకొకరు రాస్తారు. ఒత్తులు తక్కువున్న పేరైతే ఇంకా మేలు. కొన్ని ఫోన్లలో అడ్రస్ బార్ ఎత్తు ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేంతే ఉంటుంది, కింది ఒత్తు సగం తెగి కనిపిస్తుంది. పొడవుకీ పరిమితి ఉంది. ఒక్కో ముక్క లోపలి రూపంలో 63 అక్షరాలు దాటకూడదు. 'స్త్రీ' మన కంటికి ఒక అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు. మరీ పొడుగు పేరు పెడితే తిరస్కరిస్తుంది, ఎందుకో చెప్పదు.

ఇన్ని చెప్పాక మరి ఉంచుకోమని ఎందుకంటున్నానో కూడా చెప్పాలి. మీ డాట్ ఇన్ పేరును ఎవరికైనా ఫోన్‌లో చెప్పి చూడండి. పూతరేకులుకి ఇంగ్లిష్‌లో పీ తర్వాత యూనా, రెండు ఓలా? త కి టీ ఒక్కటేనా, హెచ్ కూడానా? ఆత్రేయపురానికి ముందు ఒక ఏనా, రెండా? మీరు ఒకలా రిజిస్టర్ చేశారు, కస్టమర్ ఇంకోలా కొడతాడు. తెలుగు పేరుకి ఆ గొడవ లేదు. పూతరేకులు అంటే పూతరేకులే. చదువు తక్కువున్న పెద్దావిడ కూడా తప్పు లేకుండా రాస్తుంది. ఫోన్‌లో మైకు నొక్కి పలికితే తెలుగు మాటను సరిగ్గానే రాసిపెడుతుంది. మన ఊరి పేర్లకు, తినుబండారాల పేర్లకు ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఎప్పటికీ ఒకటి కాదు. డాట్ భారత్‌కి నిజమైన అవసరం అక్కడుంది. అందుకే అరకొరగా పనిచేస్తున్నా దాన్ని వదులుకోమని చెప్పను. మీరు వదిలేస్తే ఇంకొకరు తీసుకుంటారు, అప్పుడు వేరే తలనొప్పి.

మెయిల్ దగ్గరికి వద్దాం. తెలుగు వెబ్‌సైటు తెరుచుకోవడానికి కస్టమర్ బ్రౌజర్ ఒక్కటి సహకరిస్తే చాలు. మెయిల్‌కి అలా కాదు. మీ సర్వర్, మధ్యలో ఉన్న సర్వర్లు, అవతలివాళ్ల సర్వర్, అవతలివాళ్ల మెయిల్ ప్రోగ్రామ్ అన్నిటికీ తెలుగు అడ్రస్ అంటే ఏమిటో తెలియాలి. ఒక్కటి కాదన్నా మెయిల్ వెనక్కి వస్తుంది. దీనికి ప్రమాణాలు 2012లోనే ఖరారయ్యాయి. అంతకుముందు ప్రయోగాత్మకంగా ఉన్న పద్ధతిలో, అవతలి సర్వర్‌కి తెలియకపోతే ఇంగ్లిష్ అడ్రస్‌కి దించి పంపే ఏర్పాటు ఉండేది. అది చిక్కులు తెస్తోందని తుది ప్రమాణంలో తీసేశారు. జీమెయిల్ 2014లో ఇలాంటి అడ్రస్‌లకు పంపడం, వాళ్ల నుంచి అందుకోవడం మొదలుపెట్టింది. లినక్స్ సర్వర్లలో బాగా వాడే మెయిల్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌కి ఆ సదుపాయం 2015లో వచ్చింది. మన దగ్గర జైపూర్ కంపెనీ ఒకటి 2016లో భారతీయ భాషల్లో మెయిల్ ఇవ్వడం మొదలుపెట్టింది, మరుసటేడు రాజస్థాన్ ప్రభుత్వం తమ జనానికి హిందీ మెయిల్ ఐడీలు ఉచితంగా ఇస్తామంది. అంటే దారి లేదనలేం. కానీ పెద్ద కంపెనీలు మారినంత మాత్రాన మీ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో మూలనున్న పాత సర్వర్ మారదు. వ్యాపారపు ఆర్డర్లు, జీఎస్టీ నోటీసులు వచ్చే మెయిల్‌ని ఆ జూదంలో పెట్టకూడదు.

ఒక మధ్యేమార్గం ఉంది, తెలిసి ఉండటం మంచిది. @ కి ముందు భాగం ఇంగ్లిష్‌లో పెట్టుకుని, తర్వాతి డొమైన్‌ని లోపలి రూపంలో ఇస్తే, అది పూర్తిగా ఇంగ్లిష్ అక్షరాల అడ్రసే కాబట్టి సర్వర్లకు అభ్యంతరం ఉండదు. ఫారాలు కూడా తీసుకునే అవకాశం ఎక్కువ. చూడ్డానికి మాత్రం దొంగ మెయిల్‌లా ఉంటుంది, అందుకున్నవాళ్లు తెరవకుండానే తీసేస్తారు. ఇప్పటికే ఆ ఐడీ ఎక్కడైనా ఇచ్చి ఉంటే, వాటిని మార్చుకునేదాకా నెట్టుకురావడానికి పనికొస్తుంది, అంతకుమించి వద్దు.

ఇంకా ముఖ్యమైనది: డొమైన్ రిజిస్ట్రార్ దగ్గర ఇచ్చిన కాంటాక్ట్ మెయిల్ కూడా ఆ తెలుగు ఐడీయేనా? అయితే ముందు అది మార్చండి, మిగతావన్నీ తర్వాత. రెన్యువల్ గుర్తుచేసే మెయిళ్లు దానికే వస్తాయి. అది వెనక్కి వచ్చిందంటే మీకు తెలియకుండానే పేరు గడువు తీరిపోతుంది. ఒకవేళ మీ రిజిస్ట్రార్ ప్యానెల్‌లో ఈ పేరు అసలు కనబడకపోతే, వెతికే పెట్టెలో తెలుగు కాకుండా లోపలి రూపం కొట్టి చూడండి. చాలాచోట్ల అలాగే దొరుకుతుంది. ఫోన్‌లో వాళ్లకి తెలుగు పేరు చెప్పి ప్రయోజనం లేదు, లోపలి రూపాన్ని రాసిపెట్టుకుని టికెట్‌లో అదే పెట్టండి. "మా సిస్టమ్‌లో ఇలాంటి డొమైన్ లేదు" అనే మాట సగానికి సగం అక్కడే ఆగిపోతుంది.

ఫారాల సంగతి తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. ఎందుకంటే ఆ ఫారాలు రాసేది ఎవరో అమెరికావాళ్లు కాదు. మన బ్యాంకుల, మన ప్రభుత్వ పోర్టళ్ల, మన పేమెంట్ కంపెనీల కోడ్‌లో చాలా భాగం హైటెక్ సిటీలో కూర్చుని మన పిల్లలే రాస్తున్నారు. మెయిల్ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ఎప్పటిదో ఒక పాత సూత్రం ఉంది: చుక్క తర్వాత రెండు నుంచి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు. ఇంటర్నెట్‌లో ఎక్కడో దొరికితే దాన్నే అతికించుకుంటూ వస్తున్నారు. 2000లో ఆమోదం పొందిన డాట్ మ్యూజియంకే అది సరిపోదు, మన భారత్‌కి ఏం సరిపోతుంది? సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో మెయిల్ సరిచూసే సిద్ధంగా ఉన్న ఫంక్షన్ తెలుగు డొమైన్‌ని ఒప్పుకోదు. వెబ్ పేజీల్లో వాడే మెయిల్ పెట్టె నియమమే, @ కి ముందు ఇంగ్లిష్ అక్షరాలు తప్ప వేరేవి పనికిరావు అని రాసిపెట్టుకుంది. దీని మీద పనిచేయడానికి 2015 నుంచి ఒక అంతర్జాతీయ బృందం ఉంది, 2023 నుంచి ఏ భాష పేరైనా అన్నిచోట్లా చెల్లాలంటూ ఏటా ఒక 'యూనివర్సల్ యాక్సెప్టెన్స్ డే' కూడా జరుపుతున్నారు. రోజు జరపడం మంచిదే. కానీ ప్రభుత్వం తన సొంత పోర్టళ్ల టెండర్లలో "భారతీయ భాషల డొమైన్, మెయిల్ తీసుకోని ఫారానికి బిల్లు పాస్ కాదు" అని ఒక్క వాక్యం రాస్తే, పది సభలు చేయలేని పని అవుతుంది. ఆ వాక్యం 2014లోనే రాయాల్సింది.

మీ మేనల్లుడో, సైటు చేసిపెట్టిన కుర్రాడో ఎవరైనా ఉంటే, చేయించాల్సినవి ఇవి. హోస్టింగ్‌లో తెలుగు పేరును లోపలి రూపంలోనే చేర్చమనండి, తెలుగులో కొడితే కొన్ని ప్యానెళ్లు తప్పుగా తీసుకుంటాయి. దానికి కూడా ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ వేయించాలి, లేకపోతే "ఇది సురక్షితం కాదు" అనే హెచ్చరిక చూసి కస్టమర్ పారిపోతాడు. సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2016 నుంచి ఇలాంటి పేర్లకూ ఉచితంగా ఇస్తోంది. ఆపైన తెలుగు పేరు నుంచి డాట్ ఇన్‌కి రీడైరెక్ట్, అంటే అది కొట్టినవాళ్లను ఇటు మళ్లించే ఏర్పాటు. రెండు పేర్ల మీద ఒకే సరుకు విడివిడిగా చూపిస్తే గూగుల్ దాన్ని నకలు లెక్కలోకి తీసుకుంటుంది, మీ పేరుకు మీరే పోటీ అవుతారు. పైగా పేమెంట్ గేట్‌వేలో మీరు నమోదు చేసిన డొమైన్ ఒకటి, కస్టమర్ ఉన్న డొమైన్ ఇంకొకటి అయితే డబ్బు కట్టే దగ్గర ఆగిపోవచ్చు. రీడైరెక్ట్ రకాల్లో అందరూ 301 (శాశ్వతంగా మళ్లించేది) పెట్టేస్తారు. ముందుముందు తెలుగు పేరునే అసలు పేరు చేద్దామనే ఆలోచన మీకుంటే 302 (తాత్కాలికంగా మళ్లించేది) పెట్టించండి. 301ని బ్రౌజర్లు గుర్తుపెట్టుకుంటాయి, తర్వాత తిప్పడం కష్టం.

పేజీల అడ్రస్‌లు మాత్రం ఇంగ్లిష్‌లో పొట్టిగా ఉంచండి. చుక్కకి అటూ ఇటూ ఉన్న పేరు ప్యూనీకోడ్ అవుతుంది, ఏటవాలు గీత (/) తర్వాత వచ్చే పేజీ పేరు ఇంకో పద్ధతిలో మారుతుంది. అక్కడ ఒక్కో తెలుగు గుర్తు శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలవుతుంది. ఇందాకటి 'స్త్రీ' ఒక్కటే 54. కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే స్క్రీన్ నిండా అదే.

వాట్సాప్ లింకు గురించి అడిగారు. ఏది లింకో, ఏది మామూలు మాటో ప్రతి యాప్ తన దగ్గరున్న జాబితా చూసి తేల్చుకుంటుంది. అవతలి ఫోన్, అందులోని వెర్షన్ బట్టి ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా వచ్చేది అందుకే. పేరుకి ముందు https:// తో సహా పూర్తిగా రాసి పంపితే చాలావాటిలో లింకు అవుతుంది. తర్వాత వెంటనే కామా గానీ చుక్క గానీ పెట్టకండి, ఒక్కోసారి అది కూడా అడ్రస్‌లో కలిసిపోతుంది. వాట్సాప్ బిజినెస్ ప్రొఫైల్‌లో, గూగుల్ మ్యాప్స్‌లో మాత్రం డాట్ ఇన్ పేరే ఇవ్వండి.

ఇక డబ్బాలు. తెలుగు పేరు పెద్దగా వేయించండి, దాని కిందే డాట్ ఇన్ పేరు చిన్నగా, పక్కన క్యూఆర్ కోడ్. కోడ్ లోపల తెలుగు పేరు పెట్టొద్దు, డాట్ ఇన్ అడ్రస్ పెట్టండి. కొన్ని స్కానర్ యాప్‌లు తెలుగుని తప్పుగా చదువుతాయి, డబ్బా అచ్చయ్యాక చేయగలిగేది ఏమీ ఉండదు. ప్రెస్సులో ఇంకో ప్రమాదం ఉంది. మన డీటీపీ వాళ్లలో చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లలో పనిచేస్తారు. అవి ఫోన్లు, బ్రౌజర్లు వాడే యూనికోడ్ పద్ధతిలోవి కాదు. మీరు వాట్సాప్‌లో పంపిన పేరును అతను చూసి మళ్లీ టైప్ చేస్తాడు. అలవాటు కొద్దీ మాటల మధ్య ఖాళీ వదులుతాడు, అందంగా ఉంటుందని చుక్క తర్వాత ఇంకో ఖాళీ పెడతాడు, ఒక్కోసారి 'భారత్‌'ని 'భారత' చేసేస్తాడు. ప్రూఫ్ ఇచ్చినప్పుడు రంగులు, లోగో చూసి సరే అనేయకండి. ప్రూఫ్ కాగితం ఇంట్లో ఎవరికైనా ఇచ్చి, అందులో ఉన్నది ఉన్నట్టు వాళ్ల ఫోన్‌లో కొట్టమనండి. సైటు తెరుచుకున్నాకే అచ్చుకి ఒప్పుకోండి.